డై కంటే ముందు లూబ్ డబ్బా కొనండి

ప్రశ్న: "9 ఎంఎం పిస్టల్‌కి, .308 బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కి తూటాలు సొంతంగా రీలోడ్ చేసుకుందామనుకుంటున్నాను. ఏ డైలు కొనాలి? ఖరీదైన సెట్లకీ మామూలు సెట్లకీ నిజంగా తేడా ఉంటుందా?"

మీరుండే చోట చట్టం ఒప్పుకుంటుందని, కావాల్సిన కాగితాలన్నీ ఉన్నాయని అనుకుని చెబుతున్నాను. మీ ప్రశ్నలో పిస్టల్ సగం ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. తల తినేది రైఫిల్ సగమే.

డై అంటే ప్రెస్‌కి (చేతి హ్యాండిల్‌తో నొక్కే యంత్రానికి) బిగించే అచ్చు. పేలిన తూటాలో మిగిలిన ఇత్తడి గొట్టాన్ని, అంటే కేసును, అందులోకి తోసి మళ్ళీ కొలతకి తెస్తాం. 9 ఎంఎంకి కార్బైడ్ (చాలా గట్టి పదార్థం) సైజింగ్ డై ఉన్న సెట్ తీసుకోండి, కంపెనీ గురించి బుర్ర పాడుచేసుకోకండి. లీ, హార్నడీ, ఆర్‌సీబీఎస్, రెడింగ్, ఎవరిదైనా మరచుట్టు 7/8-14 కొలతే, మామూలు ప్రెస్‌లన్నిటికీ ఎక్కుతుంది. సెట్‌లో మూడు డైలుంటాయి. మొదటిది పేలిన కేసును మళ్ళీ సన్నం చేసి పాత ప్రైమర్‌ని (మందును అంటించే, అడుగున ఉండే చిన్న బిళ్ళని) తోసేస్తుంది. రెండోది మూతిని కాస్త విప్పుతుంది. మూడోది బుల్లెట్‌ని కూర్చోబెట్టి మూతిని నొక్కుతుంది. లోపల కార్బైడ్ రింగ్ ఉంటే ఇత్తడి అంటుకోదు, లూబ్ (కేసు జారడానికి పూసే జిడ్డు) పూసే బాధ ఉండదు. ఆ రింగ్ గట్టిదే కానీ పెళుసు. షెల్ హోల్డర్ (ప్రెస్‌లో కేసు అడుగును పట్టి ఉంచే ముక్క) డైకి బలంగా గుద్దుకునేలా బిగించకండి, రెండిటి మధ్యా కాగితమంత సందు కనబడాలి.

9 ఎంఎం కేసు నిటారుగా ఉన్నట్టుంటుంది కానీ కాదు. అడుగున 9.9 మిల్లీమీటర్లకి కాస్త పైన ఉంటే, మూతి దగ్గర 9.65 దాకా తగ్గుతుంది. కార్బైడ్ రింగ్ మాత్రం పైనుంచి కిందిదాకా దాదాపు ఒకే కొలతకి నొక్కుతుంది కాబట్టి, బుల్లెట్ కూర్చున్నాక తూటాకి నడుము సన్నగా కనిపిస్తుంది. మొదటిసారి చూసి నేను సెట్టే పాడైపోయిందనుకున్నాను. ఏమీ కాలేదు, అది అంతే.

క్రింప్ విషయంలో, అంటే మూతిని బుల్లెట్ మీద నొక్కే విషయంలో, మాత్రం జాగ్రత్త. 9 ఎంఎం, .45 ఏసీపీ (ఇంకో పిస్టల్ తూటా) లాంటివి ఛాంబర్‌లో (తుపాకీలో తూటా కూర్చునే గదిలో) ఆగేది కేసు మూతి అంచు మీదే. ఆ అంచును లోపలికి మడిచేస్తే తూటా ఉండాల్సిన చోటు దాటి లోపలికి వెళ్ళిపోతుంది. అందుకే వీటికి అంచు మడవకుండా మూతిని కాస్త నొక్కి వదిలే టేపర్ క్రింప్. రోల్ క్రింప్ రివాల్వర్‌కి. .357 మాగ్నమ్ లాంటిది తన్నే తన్నుకి పక్క గదుల్లోని బుల్లెట్లు ముందుకు జారి సిలిండర్ ఇరుక్కుపోకుండా, బుల్లెట్ మీదున్న గాడిలోకి మూతిని మడిచి పట్టి ఉంచుతుంది. రేపెప్పుడైనా రివాల్వర్ కొంటే .38 స్పెషల్‌కి, .357కి వేరువేరు సెట్లు కొనకండి. 1935లో .357 తెచ్చినప్పుడు .38 కేసునే అంగుళంలో ఎనిమిదో వంతుకి కాస్త ఎక్కువ పొడుగు చేశారు, అంతే. డై ఎత్తు మార్చుకుంటే ఒకే సెట్ రెండిటికీ పనిచేస్తుంది.

పిస్టల్ సంగతి అయిపోయింది. ఇక రైఫిల్.

నేను రెండేళ్ళు .45 ఏసీపీ మాత్రమే చేశాను, అదీ కార్బైడ్ డైతో, పొడిగా. ఆ సుఖానికి అలవాటుపడ్డవాడికి .308 డై వచ్చింది. .308 కేసుకి భుజం, మెడ ఉంటాయి, అంటే సీసా ఆకారం. స్టీల్ డైలోకి దాన్ని లూబ్ లేకుండా తోయకూడదని తెలుసు. స్ప్రే డబ్బా కూడా కొన్నాను. యాభై కేసులు పళ్ళెంలో పరిచి, పైనుంచి ఒకసారి చల్లి, వెంటనే మొదలుపెట్టేశాను. ఆ స్ప్రేలో ఆల్కహాల్ ఉంటుంది, అది ఆవిరయ్యాక మిగిలే జిడ్డే అసలు లూబ్. కొన్ని నిమిషాలు ఆగాలి, కేసుల్ని దొర్లించి రెండో వైపూ చల్లాలి. నేను ఈ రెండూ చెయ్యలేదు. డబ్బా మీద రాసే ఉంది, చదవలేదు.

మూడు కేసులు బాగానే దిగాయి. నాలుగోది సగం దిగాక హ్యాండిల్ బిగుసుకుంది. అక్కడ ఆగి, మెల్లగా వెనక్కి లాగి, ఇంకాస్త లూబ్ పూసి ఉంటే ఈ కథే లేదు. నేను రెండు చేతులూ వేసి నొక్కాను. దిగింది. హ్యాండిల్ పైకి ఎత్తబోతే ఎత్తుకోలేదు. ఇంకాస్త బలం పెడితే "టప్"మని తేలిగ్గా వచ్చేసింది. కిందికి చూస్తే షెల్ హోల్డర్‌లో నెలవంకలా తెగిన ఇత్తడి అంచు ముక్క ఉంది. మిగతా కేసంతా డైలోనే. జనం కేసుల్లో ఇరుక్కుంటారు, నాకు కేసే ఇరుక్కుంది.

ఆ రాత్రి చేసిన తెలివితక్కువ పనులన్నీ చెబుతాను, మీరు చెయ్యకుండా ఉంటారు. పైనుంచి ప్రైమర్ తోసే రాడ్ మీద సుత్తితో కొట్టాను. రాడ్ వంగింది, కేసు కదల్లేదు. ఎవరో చెప్పారని డైని రాత్రంతా ఫ్రీజర్లో పెట్టాను. చల్లబడితే స్టీల్ కన్నా ఇత్తడి ఎక్కువ ముడుచుకుంటుంది, సిద్ధాంతం సరైనదే. పొద్దున్న చూస్తే చల్లటి డైలో చల్లటి కేసు, అంతే.

చివరికి ఇరుక్కున్న కేసులు తీసే కిట్ తెచ్చుకోవాల్సి వచ్చింది. రాడ్‌ని వీలైనంత పైకి తిప్పి దారిలోంచి తప్పించాలి. ప్రైమర్ అప్పటికే ఊడిపోయింది కాబట్టి ఆ గుంట మధ్యలోంచి డ్రిల్ వేసి, 1/4-20 ట్యాప్‌తో లోపల మరలు కొయ్యాలి. డై అడుగున చిన్న గిన్నెలాంటిది బోర్లించి, దాని మీంచి బోల్టు ఎక్కించి పానాతో తిప్పుతూ పోతే బోల్టు కేసును కొంచెం కొంచెంగా బయటికి లాగుతుంది. ఐదారు చుట్లకి కీచుమంటూ ఊడొచ్చింది. వేలికొనతో కాస్త లూబ్ రాస్తే పోయేదానికి డ్రిల్ మిషన్ దాకా వెళ్ళాను. గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే.

అలాగని లూబ్ గుమ్మరించినా తప్పే. భుజం దగ్గర చేరిన లూబ్‌కి వెళ్ళే దారి ఉండదు, ఇత్తడినే లోపలికి నొక్కి సొట్ట పెడుతుంది. చిన్న సొట్టలైతే పేల్చినప్పుడు సర్దుకుంటాయి. మెడ లోపల కూడా కొద్దిగా పూయండి. లేకపోతే ఎక్స్‌పాండర్ బాల్ (మెడను లోపలి నుంచి కొలతకి విప్పే, రాడ్ మీది గుండు) బయటికొచ్చేటప్పుడు అరిచే అరుపుకి పక్క గదిలోవాళ్ళు లేస్తారు, మెడ కూడా సాగుతుంది.

ఇప్పుడు ఏ డై అన్న సంగతి. .308కి కేసునంతా కొలతకి తెచ్చే మామూలు ఫుల్ లెంగ్త్ సైజింగ్ డై, బుల్లెట్ కూర్చోబెట్టే సీటింగ్ డై ఉన్న రెండు డైల సెట్ చాలు. మెడ మాత్రమే సైజ్ చేసే నెక్ డై కొనమని సలహాలు వస్తాయి, కేసులు ఎక్కువ కాలం మన్నుతాయని. నేను వాడి చూశాను. నాలుగైదు సార్లు పేల్చేసరికి బోల్ట్ మూయడం కష్టమై, మళ్ళీ ఫుల్ లెంగ్త్ డై దగ్గరికే వస్తారు. అదేదో మొదటి నుంచే చేస్తే పోలా? సెమీ ఆటోమేటిక్ రైఫిల్ అయితే అసలు ఆలోచించే పనే లేదు, ఫుల్ లెంగ్తే. బుషింగ్ డైలు, అంటే మెడ కొలతను నిర్ణయించే రింగ్‌ని (బుషింగ్‌ని) మార్చుకోగలిగేవి, మంచివే. కానీ బుల్లెట్ కూర్చున్న తూటా మెడ కొలిచి, అందులోంచి రెండు థౌ తీసేసి బుషింగ్ ఎంచుకునే ఓపిక ఉన్నవాళ్ళకి. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ప్రతి బ్రాండ్ కేసుకీ మెడ మందం మారుతుంది, బుషింగూ మారుతుంది. మొదటి సంవత్సరం వద్దు.

మీరు అడగలేదు కానీ నేను అసలు చెప్పాలనుకున్నది ఇది. డైలతో వచ్చే కాగితంలో తరచూ ఒక మాట కనిపిస్తుంది: "షెల్ హోల్డర్‌కి తగిలేదాకా దించి, ఇంకో పావు చుట్టు తిప్పండి" అని. ఆ పావు చుట్టు ఎంతో లెక్కేశారా? అంగుళానికి 14 మరలు, అంటే ఒక చుట్టుకి దాదాపు 71 థౌ, పావు చుట్టుకి 18 థౌ. ప్రెస్ సాగడంలో కొంత పోతుంది, సరే. కానీ మిగిలినదంతా మీ కేసు భుజాన్ని వెనక్కి తోస్తుంది. మీ ఛాంబర్ ఎంత లోతుందో ఆ కాగితానికి తెలియదు.

నేను గుడ్డిగా అలాగే చేశాను. నాలుగోసారి పేల్చాక కేసుల అడుగు నుంచి కాస్త పైన చుట్టూ మెరిసే గీత కనిపించింది. అందంగా ఉంది అనుకున్నాను, సిగ్గులేకుండా చెబుతున్నాను. తర్వాత ఒక సన్నటి తీగ కొస వంచి కేసు లోపల గోడ మీద గీసి చూస్తే, సరిగ్గా ఆ గీత దగ్గరే కొస గుంటలో పడి తట్టుకుంది. లోపలి నుంచి గోడ పలచబడిపోయింది. ఇంకో ఒకటి రెండు సార్లు పేలిస్తే అక్కడే రెండుగా విడిపోయేవి, వేడి గ్యాస్ బోల్ట్ వైపు వచ్చేది. మొత్తం బ్యాచ్‌ని శ్రావణంతో నొక్కి చెత్తలో పడేశాను. ఆ తర్వాతే కాలిపర్‌కి (సన్నటి కొలతలు తీసే పనిముట్టుకి) తగిలించే కంపారేటర్ కొన్నాను, కేసు అడుగు నుంచి భుజం దాకా కొలవడానికి. నా రైఫిల్లో పేలిన కేసు భుజం కొలిస్తే, డై దాన్ని ఎనిమిది థౌ వెనక్కి తోస్తోందని తేలింది. ఇప్పుడు రెండు థౌ దగ్గర లాక్ చేసి పెట్టాను. బోల్ట్ యాక్షన్‌కి ఒకటి రెండు థౌ, సెమీ ఆటోకి మూడు నాలుగు, చాలు.

అందుకే ఖరీదైన డై, మామూలు డై అన్న చర్చ నాకు విసుగు. మైక్రోమీటర్ తల ఉన్న సీటింగ్ డై నా దగ్గరా ఉంది. వేరువేరు బుల్లెట్లకి మార్చేటప్పుడు హాయిగా ఉంటుంది, కాదనను. కానీ కంపారేటర్ లేకుండా అది కొనడమంటే థర్మామీటర్ లేకుండా జ్వరానికి ఖరీదైన మాత్ర వేసుకోవడమే. నామీద ఎవరైనా వాదనకి వస్తే రానివ్వండి.

ఇంకో చిరాకు, డైలు పెట్టుకునే ప్లాస్టిక్ పెట్టెలు. డైని సరిగ్గా సెట్ చేసి లాక్ రింగ్ బిగించాక మూత పడదు. మూత పడాలంటే రింగ్ తిప్పాలి, రింగ్ తిప్పితే సెట్టింగ్ పోతుంది. ఇన్నేళ్ళలో ఈ పెట్టె తయారుచేసేవాళ్ళలో ఒక్కడూ డైని ప్రెస్‌కి బిగించి చూడలేదా? నేను చెక్కకి కన్నాలు వేసి అందులో నిలబెట్టుకుంటున్నాను.

పాత మిలిటరీ కేసులు చవగ్గా దొరికితే ముందు లోపలికి టార్చ్ వేసి చూడండి. మధ్యలో ఒకే కన్నం ఉంటే బాక్సర్ ప్రైమర్, డైలో పిన్ నేరుగా దిగుతుంది. పక్కపక్కన రెండు చిన్న కన్నాలుంటే బెర్డాన్, పిన్ విరుగుతుంది. తమాషా ఏమిటంటే బెర్డాన్ అమెరికావాడు, బాక్సర్ ఇంగ్లండ్‌వాడు. అమెరికా బాక్సర్‌ది పట్టుకుంది, యూరప్‌లో చాలా దేశాలు బెర్డాన్‌ది పట్టుకున్నాయి.

చివరగా షెల్ హోల్డర్. కొన్ని సెట్లలో వస్తుంది, కొన్నిట్లో విడిగా కొనాలి, నంబర్లు కంపెనీ కంపెనీకీ మారతాయి. నాకు .45 ఏసీపీది .308కి సరిపోయింది, రెండిటి అడుగు కొలతా దాదాపు ఒకటే. మీకు ఆ అదృష్టం లేదు, 9 ఎంఎం అడుగు చిన్నది, రెండు కొనుక్కోవాలి. డైలు చేతికొచ్చి, షెల్ హోల్డర్ లేక ఆదివారమంతా ప్రెస్ వైపు చూస్తూ కూర్చున్నవాళ్ళు నాకు తెలుసు.