కాలువ వదిలాక వెళ్ళరా అల్లుడూ

ఒరే అల్లుడూ,

నిన్న రాత్రి నువ్వు పంపిన పాంప్లెట్ చూసానురా. పీఎంపీ అని ప్రాజెక్టులు నడిపేవాళ్ళకిచ్చే సర్టిఫికెట్ కోర్సు, ఐదు రోజులు, రోజుకి ఏడు గంటలు, మొత్తం 35 గంటలు, హైదరాబాద్‌లో, మే మొదటి వారం. అక్కడిదాకా చదివి ఫోన్ పక్కన పడేసా. మే మొదటి వారం ఏంట్రా బాబూ? దాళ్వా, అదే రెండో పంట, కోతలయ్యి కాలువలు కట్టేసేది అప్పుడే కదా, లైనింగైనా తూము రిపేరైనా లాకుల దగ్గర పనైనా జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్ళు వదిలే లోపు తేల్చేసుకోవాలి, నీళ్ళొచ్చాయంటే సెంట్రింగు విప్పుకోడానికి కూడా దిగలేం. ఉద్యోగస్తుడైతే కంపెనీయే లీవిచ్చి ఫీజు కడతాది. మనలాంటి కాంట్రాక్టర్లకి ఫీజు ఒక ఖర్చు, ఆ ఐదు రోజులు సైట్ మీద మనిషి లేకపోవడం ఇంకో ఖర్చు, రెండోదే ఎక్కువ అవుద్ది. కాలువ వదిలాక, జులై ఆగస్టుల్లో బ్యాచ్ ఉందేమో అడుగు, వానల్లో ఎలాగూ మనం గట్టు మీద కూర్చుని గోదారి ఎంతొచ్చిందో చూడ్డం తప్ప చేసేదేం ఉండదు.

కోర్సు వద్దని మాత్రం అనట్లేదు. మన పంచాయితీ పనులకీ కాలువ పనులకీ టెండర్లో ఈ సర్టిఫికెట్ అడగడం నేనైతే ఇంతవరకు చూళ్ళేదు, కాబట్టి దాంతో ఇక్కడ పనులు వచ్చి పడిపోతాయని అక్కకి చెప్పి ఆశ పెట్టకు. పెద్ద కంపెనీల దగ్గర సబ్ కాంట్రాక్టుకి వెళ్ళినా, వాళ్ళ సైట్లో కాంట్రాక్టు మీద ప్రాజెక్ట్ మేనేజర్‌గా చేరినా అప్పుడు పనికొస్తాది, నాకు అలాగే పనికొచ్చింది.

డబ్బు కట్టే ముందు నీ నెలలు లెక్కేసుకో. ఇది ఎవడూ చెప్పడు, కోర్సు అమ్మేవాడు అసలు చెప్పడు. 35 గంటల క్లాసు అయినంత మాత్రాన పరీక్షకి కూర్చోనివ్వరు, ప్రాజెక్టులు నడిపిన అనుభవం చూపించాలి, నేను రాసిన 2022లో డిగ్రీ ఉన్నోళ్ళకి 36 నెలలు, నీలాగ డిప్లొమా వాళ్ళకి 60 నెలలు, అదీ వెనక 8 ఏళ్ళ లోపుది. ఇక్కడే మన కాంట్రాక్టర్లు బోల్తా పడతారు. నువ్వు ఒకే టైములో మీ ఊళ్ళో డ్రైను, పక్కూళ్ళో కల్వర్టు మూడు నెలలు చేసావనుకో, అవి ఆరు నెలలు కావురా, మూడే. పైగా మనది సీజన్ పని, ఏడాదికి కాంక్రీటు పోసిన రోజులే లెక్కేసుకుంటే 8 ఏళ్ళకి 20 నెలలు కూడా తేలవు. కానీ ప్రాజెక్టంటే కాంక్రీటు ఒక్కటే కాదు కదా, ప్లాను వేసుకోడం, మెటీరియల్ మాట్లాడ్డం, పని నడపడం, ఎం బుక్, అదే కొలతల పుస్తకం, ఎక్కించి అప్పజెప్పడం, నువ్వు దగ్గరుండి నడిపించింది అంతా వస్తాది. ఉన్నది రాయి, లేనిది మాత్రం ఒక్క నెల కూడా రాయకు, కొన్ని అప్లికేషన్లు ఆడిట్‌కి తీస్తారు. నాది తీసారు. 90 రోజులు టైమిచ్చారు గానీ ఆ పనులు తెలిసినాయన చేత సంతకం పెట్టించాలి, మా ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారేమో రిటైరైపోయి పాలకొల్లులో ఉన్నారు, రెండు సార్లు వెళ్తే రెండు సార్లూ పెళ్ళికెళ్ళారన్నారు, మూడోసారి తెల్లారగట్ట వెళ్ళి అరుగు మీద కూర్చున్నా. నువ్వు ఆ సంతకం పెట్టే మనిషిని ఇప్పుడే అడిగి పెట్టుకో. నెలలు తక్కువొస్తే సీఏపీఎం అని పీఎంపీకి కింద మెట్టు సర్టిఫికెట్ ఇంకోటుంది, దానికి అనుభవం అక్కర్లేదు, 23 గంటల క్లాసు చాలు, అది తీసుకోడం నామోషీ ఏం కాదు.

100 శాతం పాస్ గ్యారంటీ అన్న మాట నమ్మకు. నేను చేరిన చోటా అదే అన్నారు, తీరా అడిగితే ఫెయిలైతే మళ్ళీ క్లాసులో ఉచితంగా కూర్చోవచ్చంట, అదీ గ్యారంటీ! జీఎస్టీతో కలిపి ఎంత, పరీక్ష ఫీజు అందులో ఉందా లేదా, కాయితం మీద రాయించుకో.

క్లాసు జరిగే ఐదు రోజులూ ఫోన్ సంగతి చూసుకోవాలి. నేను రెండో రోజు ఫోన్ జేబులో పెట్టుకుని కూర్చున్నా, కాంక్రీటు కలిపే మిల్లర్ ఆగిపోయిందని మేస్త్రి ఫోన్ చేసాడు, బయటికెళ్ళి బెల్టు కోసం రావులపాలెంలో ముగ్గురికి చేసి వచ్చేసరికి గంటన్నర పోయింది, ఆ గంటన్నరా రిస్కుల గురించే చెప్పారంట, నవ్వుకున్నా. అటెండెన్స్‌లో కూడా ఆ గంటన్నర కోత పడింది, 35 నిండాలని మళ్ళీ ఇంకో బ్యాచ్‌లో కూర్చోవాల్సొచ్చింది. నువ్వు మీ బావకో మేస్త్రికో చెప్పు, పొద్దున్న ఏడుకి ఒకసారి, సాయంత్రం ఆరుకి ఒకసారి, మధ్యలో మనిషికి దెబ్బ తగిలితే తప్ప చెయ్యొద్దని. గౌతమి రైల్లో వెళ్ళి పొద్దున్నే దిగి అటునుంచటే క్లాసుకి వెళ్ళకు, ఒక రోజు ముందెళ్ళి పడుకో.

ఇక చదువు సంగతి. నీకు కష్టం లెక్కలు కాదురా, నీ అలవాటు. మాక్ టెస్టుల్లో ఒక ప్రశ్న ఇలా వస్తాది, పని సగంలో ఉండగా ఒకాయన వచ్చి ఇంకో ముక్క కలపమన్నాడు, నువ్వు ముందు ఏం చేస్తావ్? నేను చటుక్కున చేసేస్తాను అని పెట్టా, సైట్లో అదే చేస్తాం కదా, మంచితనం ఉంటాదని. తప్పు. దానివల్ల ఖర్చూ టైమూ ఎంత మారుద్దో చూసి, మార్పు కాయితం పెట్టి, ఒప్పుకున్నాకే చెయ్యాలంట. ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళ కబుర్లు అనుకున్నా. ఆ రాత్రి గుర్తొచ్చింది, ఒక బోదె (పొలాల పిల్లకాలువ) పని చేస్తుంటే రైతులు అడిగారని రెండు పైపులు అదనంగా వేసా, ఆఫీసోళ్ళు కానివ్వండి చూద్దాం అని నోటిమాట అన్నారు, ఆనక ఎం బుక్‌లో ఒక్క పైపూ ఎక్కలేదు, ఆ డబ్బు ఇప్పటికీ ఆ గట్టులోనే ఉంది. అప్పట్నుంచి ప్రశ్న చదివేటప్పుడు సైట్లో ఏం చేస్తానా అని కాదు, ఏం చేసుంటే ఆ డబ్బు పోయేది కాదా అని చూసేవాణ్ణి, మార్కులు పెరిగాయి.

లెక్కల్లో ఎర్న్‌డ్ వాల్యూ, అదే అయిన పనిని పెట్టిన ఖర్చుతో పోల్చే లెక్క, ఒకటి బాగా పట్టు, అది మన బతుకే. మన లాభం పక్కన పెట్టి 40 లక్షల్లో పని లేపేద్దాం అని వేసుకున్నావు. ఇవాళ్టికి 20 లక్షల పని అవ్వాలి, కొలిస్తే 16 లక్షల పనే అయ్యింది, జేబులోంచి 20 పోయాయి. అయిన 16ని ఖర్చైన 20తో భాగిస్తే 0.8, అంటే పెట్టిన రూపాయికి 80 పైసల పనే జరుగుతుంది. ఇలాగే నడిస్తే 40ని 0.8తో భాగించు, 50 లక్షలు అవుద్ది. పది లక్షల బొక్క సగం పనిలోనే కనపడిపోద్ది, మనకైతే ఫైనల్ బిల్లు దాకా తెలీదు.

నేను 2022లో రాసినప్పుడు 180 ప్రశ్నలు, 230 నిమిషాలు, మధ్యలో రెండు సార్లు పదేసి నిమిషాలు వదిలేవారు, బ్రేక్‌కి వెళ్ళాక వెనక ప్రశ్నల్లోకి పోనివ్వరు. సగం దాకా ఎజైల్, హైబ్రిడ్ అని సాఫ్ట్‌వేర్ వాళ్ళ పద్ధతులు, మన సివిలోళ్ళకి కొత్త, ఆ క్లాసులో మాత్రం నిద్రపోకు. సిలబస్సూ రూల్సూ అప్పుడప్పుడు మారుస్తారు, నీ టైముకి ఏది నడుస్తుందో ఈ పరీక్ష పెట్టే పీఎంఐ వాళ్ళ సైట్లోనే చూసుకో. కోర్సు అయిన నెల, నెలన్నరలో రాసెయ్, సంక్రాంతి దాటించావా అంతా గాలికే. ఇంట్లోంచి ఆన్‌లైన్‌లో రాయొచ్చు గానీ మనింట్లో వద్దు, కరెంటు సంగతి తెలుసుగా, పైగా గదిలోకి ఇంకో మనిషి రాకూడదు, మీ అత్త కాఫీ పట్టుకుని వచ్చేస్తే పరీక్ష అక్కడితో సరి. సెంటర్‌కి వెళ్ళి రాయి.

పాసయ్యాక కూడా మూడేళ్ళకి 60 పీడీయూలు అని, అంటే కొత్తగా నేర్చుకున్న గంటలు, చూపించాలి, అది తర్వాత మాట్లాడుకుందాం.

ఆదివారం రా. అగ్రిమెంటు కాపీలు, వర్క్ ఆర్డర్లు, బిల్లులు అన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకురా, ఏ పని ఏ తారీకున మొదలై ఏ తారీకున అయ్యిందో అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటీ రాద్దాం. సరిపడా నెలలు తేలితే అప్పుడు కట్టు అడ్వాన్సు.

మీ మావయ్య