వంటింటి సందేహాలు: స్ట్రాబెర్రీలు, నేరేడు పండ్లు నిల్వ చేయడం ఎలా?

ప్రశ్న: సంక్రాంతి సెలవులకు పుణె నుంచి వస్తూ మా అమ్మాయి మహాబలేశ్వర్ స్ట్రాబెర్రీలు రెండు కిలోలు తెచ్చింది. వచ్చిన రోజే అన్నింటినీ కడిగి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను. మూడో రోజుకే అడుగున ఉన్నవాటికి బూడిద రంగు బూజు పట్టింది. భయపడి మిగిలినవాటిని ఫ్రీజర్‌లోకి మారిస్తే అన్నీ కలిసి ఒకే రాయిలా గడ్డకట్టాయి, కరిగాక ముద్దయ్యాయి. పొరపాటు ఎక్కడ జరిగింది? జూన్‌లో నేరేడు పండ్లు దాచినా ఇలాగే అవుతుందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీరు కడగడం తప్పు కాదు గాని, కడిగిన వేళ తప్పు. స్ట్రాబెర్రీకి బూడిద బూజు తెచ్చే బోట్రైటిస్ అనే శిలీంధ్రం తోటలో పూత దశలోనే పండును ఆశ్రయించి ఉంటుంది. ఫ్రిజ్ చల్లదనానికి దాని పెరుగుదల మందగిస్తుందే తప్ప ఆగిపోదు. దానికి మీరు తడిని అందించి, మూత బిగించి ఆ తడి బయటకు పోకుండా చేశారు. పైపండ్ల బరువుకు అడుగున ఉన్నవి నలిగి రసం కారడంతో బూజు పని మరింత సులువైంది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతును అడగండి, కాయ బాగా ఎండనిదే బస్తాను కోల్డ్ స్టోరేజీలో వేయనని చెబుతాడు. చల్లదనం ఉన్నంత మాత్రాన తడి చేసే చెరుపు తప్పదని అతనికి తెలుసు.

ఈసారి పండ్లు ఇంటికి రాగానే నలిగినవాటిని, మచ్చపడినవాటిని ఏరి ఆ పూటే తినేయండి. మంచివాటిని తొడిమ తీయకుండా, కడగకుండా, వెడల్పాటి డబ్బాలో పొడి నూలు బట్ట పరిచి ఒకే వరుసగా సర్ది, మూతను కొద్దిగా వదులుగా ఉంచి ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులు నిలుస్తాయి. తినే ముందు మాత్రమే కడగాలి. ముందే కడిగి పెట్టుకోక తప్పదనుకునేవారు ఒక వంతు వెనిగర్‌కు మూడు వంతుల నీళ్లు కలిపి, పండ్లను అందులో కొద్ది నిమిషాలు ఉంచి, మంచినీళ్లతో మళ్లీ కడిగి, ఫ్యాను కింద పూర్తిగా ఆరబెట్టుకోవాలి.

ఇక ఫ్రీజర్ సంగతి. నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. పరిశ్రమలలో మైనస్ 30, మైనస్ 40 డిగ్రీల గాలిని వేగంగా వీచి పండును నిమిషాలలో గడ్డకట్టిస్తారు కాబట్టి మంచు స్ఫటికాలు చిన్నవిగా ఏర్పడతాయి; మన ఇళ్లలో ఆ పని గంటల తరబడి నెమ్మదిగా సాగడం వల్ల పెద్ద స్ఫటికాలు ఏర్పడి కణాల గోడలను చీలుస్తాయి. అందువల్ల ఎంత జాగ్రత్తపడినా కరిగిన పండు మెత్తబడక మానదు. ఫ్రీజర్ పండ్లను మిల్క్‌షేక్‌కో జామ్‌కో ఉంచుకొని, కొరుక్కు తినాలనుకున్నవాటిని ఫ్రిజ్‌లోనే ఉంచడం మేలు.

రాయిలా ఒక్కటి కాకుండా చూడటం మాత్రం మన చేతిలోనే ఉంది. పండ్లను కడిగి, ఆరబెట్టి, తొడిమలు తీసి, స్టీలు పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి, రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచండి. తెల్లవారి పళ్లెం వంచితే గోలీల్లా దొర్లాలి. వెంటనే జిప్ కవర్లలోకి మార్చి, గాలిని చేత్తో అదిమి తీసేసి, తేదీ రాసి పెట్టండి. గాలి మిగిలితే పండు పైన తేమ ఆవిరైపోయి, తెల్లగా, పిప్పిగా మారుతుంది. మైనస్ 18 డిగ్రీల వద్ద 8 నుంచి 12 నెలల వరకు రుచి నిలుస్తుంది. జామ్‌కే వాడేటట్లయితే 600 గ్రాముల ముక్కలకు 150 గ్రాముల పంచదార కలిపి, అది కరిగాక గడ్డకట్టిస్తే రంగు, రుచి ఇంకా బాగుంటాయి.

నేరేడుకు కూడా పళ్లెం పద్ధతి పనికివస్తుంది. కాకపోతే చెట్టు కింద రాలి పగిలినవి, మట్టి అంటినవి గంపలో కలిసి ఉంటాయి గనుక ఏరడానికి ఎక్కువ సమయం కేటాయించాలి. గింజతో దాచడం కంటే, చేత్తో పిసికి గింజలు తీసి, గుజ్జును ఐస్ ట్రేలలో పోయడం నాకు నచ్చిన పద్ధతి: రెండు ముక్కలు వేస్తే ఒక గ్లాసు షర్బత్ అవుతుంది. ఇనుప గిన్నె వాడవద్దు, ఆ ఊదా రంగు ఇనుముతో కలిసి మారిపోతుంది. అన్నట్టు, వృక్షశాస్త్రం లెక్కలో బెర్రీ అనదగినది నేరేడే. పేరులోనే బెర్రీ ఉన్నా స్ట్రాబెర్రీ ఆ కోవలోకి రాదు.

ప్రశ్న: మాది సింగిల్ డోర్ ఫ్రిజ్. వేసవిలో కరెంటు పోయి వచ్చినప్పుడు ఫ్రీజర్‌లోని పండ్లు కరిగి మళ్లీ గడ్డకడుతున్నట్టు అనుమానం. వాటిని తినవచ్చునా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: కొన్ని ఫ్రిజ్‌లలో ఫ్రీజర్ తలుపు మీద నక్షత్రాల గుర్తు ఉంటుంది: ఒకటి ఉంటే మైనస్ 6, రెండుంటే మైనస్ 12, మూడుంటే మైనస్ 18 డిగ్రీలు. కరెంటు ఆదాను తెలిపే స్టార్ లేబుల్ వేరు, దానితో దీన్ని కలపకండి. ఒకటి రెండు నక్షత్రాల ఫ్రీజర్‌లో పండ్లను కొద్ది వారాలకు మించి ఉంచవద్దు.

అనుమానం తీరడానికి ఒక చిన్న స్టీలు గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, మంచు మీద రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లోనే ఉంచండి. ఊరి నుంచి తిరిగి వచ్చేసరికి బిళ్ల పైనే ఉంటే భయం లేదు. అడుగుకు దిగిపోయి ఉంటే మీరు లేనప్పుడు అంతా కరిగి మళ్లీ గట్టిపడిందన్నమాట. ఎంతసేపు వేడికి ఉన్నాయో తెలియని ఆ పండ్లను పారేయడమే మంచిది. మీ కళ్ల ముందే కరగడం మొదలై ఇంకా మంచు పలుకులు మిగిలి ఉంటే తిరిగి గడ్డకట్టించవచ్చు, రుచి కొంత తగ్గుతుంది. పూర్తిగా కరిగినా ఫ్రిజ్‌లో ఉన్నంత చల్లగా ఉంటే ఆ రోజే జామ్ వండేయండి.

ప్రశ్న: కొన్న ఫ్రోజెన్ బెర్రీలను నేరుగా మిల్క్‌షేక్‌లో వేస్తున్నాము. సురక్షితమేనా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: గడ్డకట్టించినంత మాత్రాన క్రిములు చావవు. 2013లో ఇటలీతో పాటు మరికొన్ని ఐరోపా దేశాలలో ఫ్రోజెన్ బెర్రీల ద్వారా హెపటైటిస్ ఎ వ్యాపించింది; దిగుమతి అయిన అలాంటి బెర్రీలను ఒక నిమిషం మరిగించి వాడమని ఐర్లండ్ ఆహార భద్రతా సంస్థ తన ప్రజలకు సూచించింది. పసిపిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో ఈ సూచన పాటించండి. మరిగించిన గుజ్జు పూర్తిగా చల్లారాకే చల్లటి పాలలో కలపాలి, వేడి మీద కలిపితే పాలు విరుగుతాయి.