కొత్త ఇంటికి రూటర్ కొనబోయే మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి,

మీ మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం చేరింది. హనుమకొండలో గృహప్రవేశం జరిగి నెల తిరగకముందే ఇంట్లో ఇంటర్నెట్ మీద సణుగుడు మొదలైందని, మేడ మీది గదిలో అల్లుడు ఆఫీసు మీటింగులో ఉండగా మాట మధ్యలో తెగిపోతోందని, కింద హాల్లో మాత్రం మీ అత్తగారి టీవీ నిక్షేపంగా నడుస్తోందని రాశావు. దుకాణంలో వై-ఫై 7 రూటర్ చూపించి పద్దెనిమిది వేలు చెప్పారని, కొనమంటారా అని అడిగావు. కొనవద్దు. అయితే మామయ్య వద్దన్నాడు కదా అని ఊరుకుంటే రేపు మరొకరు మరొకటి అంటగడతారు. టెలిఫోన్ శాఖలో ముప్పై ఏళ్లు తీగల వెంట తిరిగినవాణ్ణి కనుక, ఎందుకు వద్దంటున్నానో, దాని బదులు ఏమి చేయాలో కాస్త వివరంగానే రాస్తున్నాను.

నువ్వు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. ఫైబర్ వాళ్లు బిగించిన డబ్బా ఒక్కటే మీ ఇంట్లో వై-ఫై ఇస్తోంది. దానితో కింద బాగుంది, పైన బాగాలేదు. కాబట్టి వీధిలోంచి వచ్చే లైనులో లోపం ఉండే అవకాశం తక్కువ, హాలుకూ మేడగదికీ మధ్య ఉన్న స్లాబు దగ్గరే తిరకాసు ఉంది. అయినా ఊహ మీద డబ్బు ఖర్చు పెట్టకుండా ఒక సాయంత్రం కొలతలకు కేటాయించు. ఎనిమిది, పది గంటల మధ్య ఊరంతా నెట్ వాడుకునే వేళలో, అల్లుడి ల్యాప్‌టాప్‌ను ఆ డబ్బాకు ల్యాన్ కేబుల్‌తో నేరుగా కలిపి స్పీడ్ టెస్ట్ చేయించు. మీ ప్లాను 200 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 200 మెగాబిట్లు, అన్నావు కనుక 180, 190 కనబడితే లైను బాగున్నట్టే. తర్వాత కేబుల్ తీసేసి, అదే హాల్లో రెండు గజాల దూరంలో, మెట్ల మలుపు దగ్గర, వంటగదిలో, చివరకు మేడగదిలో అల్లుడు కూర్చునే బల్ల దగ్గర వై-ఫై మీద అదే పరీక్ష ఒక్కోచోట మూడుసార్లు చేసి కాగితం మీద రాసుకో. కేబుల్ మీదే 60 వస్తూ ఉంటే ఎంత ఖరీదైన రూటర్ తెచ్చినా ఆ అరవై పెరగదు. అప్పుడు పట్టుకోవలసింది కనెక్షన్ ఇచ్చినవాళ్లను. ఈ లెక్కలో చాలామంది పొరపాటు పడతారు కాబట్టి ఒక మాట చెబుతాను. ప్లానులో చెప్పేవి మెగాబిట్లు, ఫైలు దిగేటప్పుడు తెర మీద కనబడేవి మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక, సెకనుకు 25 మెగాబైట్లు దిగుతూ ఉంటే నీకు రావలసిన 200 మొత్తం వస్తున్నట్టే.

ఇక వై-ఫై తరాల సంగతి. ఒకప్పుడు 802.11 అనే ప్రమాణం వెనుక ఎన్, ఏసీ, ఏఎక్స్ అని అక్షరాలు తగిలించేవారు. అవి కొనేవాళ్లను తికమక పెడుతున్నాయని 2018 అక్టోబరులో వై-ఫై అలయన్స్ అనే కంపెనీల సంఘం వాటికి అంకెల పేర్లు పెట్టింది. 2009 నాటి ఎన్ వై-ఫై 4 అయింది, 2013 నాటి ఏసీ వై-ఫై 5 అయింది, 2019లో ధ్రువీకరణ మొదలైన ఏఎక్స్ వై-ఫై 6 అయింది. నీకు దుకాణంలో చూపించిన వై-ఫై 7 ధ్రువీకరణ 2024 జనవరిలో మొదలైంది.

మీ అమ్మ దగ్గర ఇంకా నడుస్తున్న రెండు యాంటెన్నాల పాత రూటర్ వై-ఫై 4. దాని పెట్టె మీద 300 అని ఉంటుంది, కానీ అది పనిచేసేది 2.4 గిగాహెర్ట్జ్ అనే రేడియో తరంగాల పట్టీ, అంటే బ్యాండు, మీద మాత్రమే. ఆ బ్యాండులో ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోగల దారులు, అంటే చానళ్లు, మూడే, 1, 6, 11. చుట్టుపక్కల ఇళ్ల రూటర్లు, బ్లూటూత్ పరికరాలు, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ ఆ ఇరుకు సందులోనే తోసుకుంటూ ఉంటాయి. 300 రావాలంటే మామూలుకు రెట్టింపు వెడల్పు, అంటే 40 మెగాహెర్ట్జ్ చానల్ కావాలి. ఇరుగుపొరుగు ఉన్నచోట అది దొరకడం కల్ల. వై-ఫై 5 ఈ ఇరుకును వదిలి 5 గిగాహెర్ట్జ్‌కు వెళ్లింది. అక్కడ 80 మెగాహెర్ట్జ్ వెడల్పు సులభంగా దొరుకుతుంది కనుక రెండు యాంటెన్నాల ఫోను 867 ఎంబీపీఎస్ దాకా కలుస్తుంది. మీ డబ్బా మీద చీటీలో ఏసీ 1200 అని ఉందన్నావు కదా, అది 2.4లో 300, 5లో 867 కలిపి పైకి సవరించిన మొత్తం. ఏ ఒక్క ఫోనుకూ, ల్యాప్‌టాప్‌కూ ఆ మొత్తం రాదు. ఏ పరికరమైనా ఒకసారి ఒక బ్యాండు మీదే ఉంటుంది, పైగా ఆ 867లో కూడా చేతికి అందేది సగానికి కాస్త అటూ ఇటూ. అయినా నీ 200కు అది ధారాళంగా సరిపోతుంది. నెట్‌ఫ్లిక్స్ వాళ్లు 4కే బొమ్మకు అడిగేది 15 ఎంబీపీఎస్ మాత్రమే కనుక మీ అత్తగారి టీవీకి కొత్త రూటర్ అవసరమే లేదు.

వై-ఫై 6 గురించి కొంచెం నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే నేను నీకు కొనమనబోయేది అదే. దీని బలం వేగంలో కంటే పంపకంలో ఉంది. పాత పద్ధతిలో రూటర్ ఒక క్షణంలో ఒక్క పరికరానికే చానల్ మొత్తాన్ని అప్పగిస్తుంది, దానికి పంపవలసినది చిన్న సందేశమైనా సరే. ఒక్కో ఇంటి సరుకుకు ఒక్కో ఆటో కట్టినట్టన్నమాట. వై-ఫై 6లో ఓఎఫ్‌డీఎంఏ అనే పద్ధతితో ఒకే ఆటోలో నాలుగిళ్ల సరుకు వెళుతుంది. నాలుగు ఫోన్లు, రెండు ల్యాప్‌టాప్‌లు, టీవీ, వాకిట్లో కెమెరా ఉన్న మీవంటి ఇంట్లో మీటింగు మాట తెగకుండా ఉండటానికి ఇది పనికివస్తుంది. వై-ఫై 5 వదిలేసిన 2.4 బ్యాండును కూడా ఇది బాగుచేసింది. అయితే దీని లాభం పూర్తిగా దక్కాలంటే ఫోను కూడా వై-ఫై 6ది అయి ఉండాలి. రూటర్ సగం, ఫోను సగం. మీ అత్తగారి ఆరేళ్ల నాటి ఫోను ఏ రూటర్ పక్కన పెట్టినా తన పాత వేగంతోనే మాట్లాడుతుంది.

వై-ఫై 7 మంచిది కాదని నేను అనను. కానీ దాని గొప్పలన్నీ నీ ఇంట్లో ఏమవుతాయో చూడు. 320 మెగాహెర్ట్జ్ వెడల్పు చానల్ దొరికేది 6 గిగాహెర్ట్జ్ బ్యాండులోనే. మన దేశంలో ఆ బ్యాండులోని కింది 500 మెగాహెర్ట్జ్‌ను ఇళ్లలోపల లైసెన్సు లేకుండా వాడుకోనివ్వడానికి కేంద్ర టెలికాం శాఖ ముసాయిదా నియమాలు వెలువరించినదే 2025 మే నెలలో. ఆ అయిదు వందలలో అంత వెడల్పు చానల్ ఒక్కటే పడుతుంది. సంకేతంలోకి మరిన్ని బిట్లు కుక్కే దాని కొత్త పద్ధతి రూటర్‌కు ఎదురుగా, అదే గదిలో కూర్చున్నవాళ్లకే దక్కుతుంది. రెండు బ్యాండులను ఒకేసారి వాడే ఏర్పాటు నిజంగా పనికివచ్చేదే, కానీ మీ ఇంట్లో దాన్ని అందుకోగల ఫోను ఒక్కటీ లేదు. అన్నిటికీ మించి, ఏ తరం రూటర్ అయినా స్లాబుకు లొంగవలసిందే. తరంగం పౌనఃపున్యం పెరిగేకొద్దీ గోడ దాటే శక్తి తగ్గుతుంది. ఖాళీ చోటులో కూడా ఒకే దూరానికి 2.4తో పోలిస్తే 5 గిగాహెర్ట్జ్ సంకేతం దాదాపు నాలుగో వంతే అందుతుంది, ఇక తొమ్మిదంగుళాల ఇటుక గోడ, ఇనుప చువ్వలు పరిచిన కాంక్రీటు అడ్డం వస్తే చెప్పనక్కరలేదు. 6 గిగాహెర్ట్జ్ ఇంకా సుకుమారం. పైగా ప్రసార శక్తికి ప్రభుత్వం పరిమితి పెట్టింది కనుక పద్దెనిమిది వేలు పోసినా, ఎనిమిది యాంటెన్నాలు ఉన్నా, ఆ హద్దు దాటి అరవడానికి ఏ రూటర్‌కూ వీలులేదు.

పెట్టె మీద కనబడని మోసం ఒకటి నాకు అనుభవమే. కొన్నేళ్ల క్రితం మా ఇంటికి 150 ఎంబీపీఎస్ ప్లాను తీసుకుని, ఏసీ 1200 అని రాసి ఉన్న చవక రూటర్ తెచ్చి బిగించాను. ఎక్కడ కొలిచినా 94 దాటలేదు. కనెక్షన్ ఇచ్చినవాళ్లతో రెండు వారాలు వాదించాను, వాళ్ల కుర్రవాణ్ణి మూడుసార్లు మేడ ఎక్కించాను. చివరకు నాకే అనుమానం వచ్చి రూటర్ వెనుక కేబుల్ గుచ్చే పోర్టుల వివరం చదివితే అవి 100 ఎంబీపీఎస్‌వి. గాలిలో 867 ఇవ్వగల పెట్టెకు లోపలికి నీళ్లు వచ్చే గొట్టమే సన్నం. ముప్పై ఏళ్లు తీగలతో కాపురం చేసినవాణ్ణి, ముందు చూడవలసింది చివర చూశాను. ఆ కుర్రవాడికి కాఫీ ఇచ్చి క్షమాపణ చెప్పుకున్నాను. కాబట్టి నువ్వు కొనేటప్పుడు తరం అంకె కంటే ముందు, పోర్టులన్నీ గిగాబిట్‌వేనా, అంటే 1000 ఎంబీపీఎస్‌వేనా, అని అడుగు. 'గిగాబిట్ రూటర్' అని నోటితో అంటే ఒప్పుకోకు, పెట్టె మీద 10/100/1000 అని ఉండాలి. 10/100 అని మాత్రమే ఉంటే అక్కడే వదిలేసి వచ్చేయి.

ఇప్పుడు చేయవలసిన పని. హాల్లోని డబ్బాను అక్కడే ఉండనిచ్చి, మేడ మీదికి ఒక కేబుల్ లాగించి, దాని చివర వై-ఫై 6 రూటర్ ఒకటి పెట్టించు. మూడు నాలుగు వేలలో దొరికే ఏఎక్స్ 1500 రకం చాలు. అల్లుడు పెద్ద పెద్ద ఫైళ్లతో పనిచేస్తాడంటే ఏఎక్స్ 3000 తీసుకోండి. కొత్త ఇల్లు కనుక టీవీ కేబుల్ కోసం గోడలో వేసిన పైపు ఖాళీగానే ఉండి ఉంటుంది, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అందులోంచి క్యాట్ 6 రకం ల్యాన్ కేబుల్ లాగించు. కరెంటు తీగలు ఉన్న పైపులో మాత్రం వేయనివ్వకు. కేబుల్ పూర్తి రాగిదై ఉండాలి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ కొంత చవకగా వస్తుంది, కానీ నాలుగేళ్లకు కొసలు విరిగి ఏడిపిస్తుంది. గిగాబిట్‌కు లోపలి ఎనిమిది తీగలూ కావాలి. వాటిలో ఒక్కటి సరిగా పట్టకపోయినా వేగం చెప్పాపెట్టకుండా 100కు పడిపోతుంది కనుక, కొసలు బిగించిన వెంటనే ఎలక్ట్రీషియన్ ఉండగానే ల్యాప్‌టాప్ పెట్టి కొలిపించు.

పై రూటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, అంటే కింది డబ్బా నెట్‌వర్కునే పైన పంచేలా, పెట్టమను, లేకపోతే ఇంట్లో రెండు వేరు నెట్‌వర్కులు తయారై ప్రింటరు, టీవీ ఒకదానికొకటి కనబడవు. రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ ఇచ్చి, 5 గిగాహెర్ట్జ్‌లో కింద 36వ చానల్, పైన 149వ చానల్ పెట్టించు. 2.4లో కింద 1, పైన 11 ఉంచి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దాటనివ్వకు. పాస్‌వర్డ్ మాత్రం చీటీ మీద అచ్చయినది మార్చేయి.

కేబుల్ లాగడం కుదరదని ఎవరైనా రిపీటర్ పెట్టుకోమంటే తొందరపడకు. మామూలు రిపీటర్ విన్నమాటనే అదే చానల్ మీద మళ్లీ చెప్పాలి కనుక వేగం సగానికి పడుతుంది, పైగా దాన్ని సంకేతం సన్నగిల్లిన చోటే పెడతారు కనుక అది వినేదే అరకొర మాట. మెష్ సెట్లు, అంటే ఒకే నెట్‌వర్కుగా కలిసి పనిచేసే రెండు మూడు డబ్బాల జతలు, ఆ పనిని కొంత నేర్పుగా చేస్తాయి, అయినా వాటికీ వెనుక తీగ ఉంటేనే నిండుదనం.

రూటర్‌ను అల్లుడి గదిలో ఛాతీ ఎత్తుకు పైన, తెరిపిగా ఉన్నచోట గోడకు బిగించు. ఇనుప బీరువా వెనుక, పెద్ద అద్దం పక్కన, నీళ్లు నిండిన అక్వేరియం దగ్గర పెట్టవద్దు. యాంటెన్నాలు నిటారుగా ఉంటే సంకేతం అదే అంతస్తులో చుట్టూ పరుచుకుంటుంది. పక్క పడకగదికి కూడా అందాలంటే అలాగే ఉంచు. కింద హాల్లోని డబ్బాను టీవీ వెనుక నేలమీద పెట్టి వెళ్లారన్నావు, దాన్ని కూడా షోకేసు పైకి మార్పించు, వంటగదిలో తేడా నీకే తెలుస్తుంది. కరెంటు పోయినప్పుడు మీటింగు ఆగకుండా రెండింటికీ చిన్న 12 వోల్టుల యూపీఎస్‌లు కొనుక్కో, కానీ అడాప్టర్ల మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసి వాటికి సరిపోయేవే తీసుకో.

దుకాణానికి వెళ్లే ముందు ఆ కొలతల కాగితాన్ని ఫోటో తీసి నాకు పంపు. మేడగది బల్ల దగ్గర నువ్వు రాసిన అంకె 100కు పైన ఉంటే మాత్రం కేబుల్ వాణ్ణి పిలవకు, ముందు అల్లుడి ల్యాప్‌టాప్‌ను చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య