డీజే సామగ్రి: తక్కువ ఖర్చుతో మొదలుపెట్టాలంటే?

ప్రశ్న: డీజేయింగ్ నేర్చుకోవాలని ఉంది. రెండు ప్లేయర్లు, మిక్సర్ విడివిడిగా కొనే స్తోమత లేదు. వాటి పనిని ల్యాప్‌టాప్‌తో కలిసి ఒక్క పెట్టెలోనే చేసే కంట్రోలర్‌ను, వాడినదైనా, కొంటే సరిపోతుందా?

జవాబు: నిక్షేపంగా సరిపోతుంది. ల్యాప్‌టాప్ ఉంటే 2 ఛానెళ్ల (రెండు పాటలు కలపగలిగే) కంట్రోలర్, హెడ్‌ఫోన్లు చాలు. ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా దొరుకుతుంది. అయితే కంట్రోలర్‌లోనే సౌండ్ కార్డు ఉండాలి. అది లేని చౌక మోడళ్లలో స్పీకర్లకు ఒక పాట వెళ్తుండగా తర్వాతి పాటను హెడ్‌ఫోన్లలో విడిగా వినలేరు. దానికి మళ్లీ వేరే సౌండ్ కార్డు కొనాలి, మిగిలిన డబ్బంతా అక్కడే పోతుంది.

కొనేటప్పుడు ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లండి. ముందు టెంపో ఫేడర్ (పాట వేగాన్ని మార్చే జారుడు మీట) చూడండి. మధ్య గాడిలో ఆపితే తెరపై 0 చూపాలి, మెల్లగా జరిపితే అంకె వరుసగా మారాలి. చెయ్యి తీశాక కూడా అంకె గెంతుతుంటే లోపల దుమ్మయినా చేరి ఉండాలి, ఫేడరైనా అరిగి ఉండాలి. అలాంటిదానిపై రెండు పాటల బీట్లు ఎంత కలిపినా నిలవవు. దుమ్మయితే కాంటాక్ట్ క్లీనర్‌తో (ఎలక్ట్రానిక్ భాగాలను శుభ్రం చేసే స్ప్రేతో) పోవచ్చు, అరిగితే మార్చాల్సిందే. క్రాస్‌ఫేడర్‌ను (ఒక పాట నుంచి మరో పాటకు మార్చే అడ్డ మీటను) ఒక చివరికి నెట్టి అవతలి పాట పూర్తిగా ఆగిందో లేదో వినండి. యూఎస్‌బీ కేబుల్‌ను కాస్త కదపండి; వేరే కేబుల్‌తో చూసినా కనెక్షన్ తెగుతుంటే ఆ బేరమే వద్దు. స్పీకర్లు ఇప్పుడే కొనకండి, ఇంట్లో ఉన్నవి చాలు.