కొత్త ఆల్బంల గురించి రాస్తున్న అబ్బాయికి

అబ్బాయ్,

నువ్వు పంపిన వ్యాసం తీరిగ్గా చదివాను. ఈ వారం చార్టుల్లోకి కొత్తగా వచ్చిన ఆల్బంలు ఐదు, ఒక్కోదానికి ఒక్కో పేరా. పాప్, అమెరికా పల్లెల నుంచి వచ్చిన కంట్రీ, గిటార్ల మోతతో సాగే మెటల్, బాంజో మాండలిన్‌లతో వాయించే అమెరికా జానపద బాణీ బ్లూగ్రాస్, స్పానిష్ ర్యాప్. చిత్తూరులో కూర్చుని ఇవన్నీ వినాలని నీకు అనిపించడమే నాకు ముచ్చటేసింది. మన వైపు సంగీతం గురించి రాసేవాళ్ళు చాలామంది సినిమా పాట దగ్గర మొదలై, మహతి ఆడిటోరియంలో కచేరీ సమీక్ష దాకా వచ్చి ఆగిపోతారు. అయితే నీ ఐదు పేరాలూ అయ్యాక నా బుర్రలో మిగిలినవి ర్యాంకులే. ఇది ఒకటో స్థానంలో దిగింది, అది పద్నాలుగులో, ఇంకోటి అరవైరెండులో. ఏ పాట ఎలా ఉందంటే చెప్పలేను. నువ్వు ఎక్కడా రాయలేదు మరి.

ర్యాంకు రాయొద్దని అనడం లేదు. రాసేముందు అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకో. అమెరికాలో ఆల్బంల ప్రధాన చార్టు బిల్‌బోర్డ్ 200లో వారం అంటే శుక్రవారం నుంచి గురువారం దాకా. 2015 జులై నుంచి దాదాపు ప్రపంచమంతా కొత్త ఆల్బంలు శుక్రవారమే విడుదలవుతున్నాయి. అంతకుముందు అమెరికాలో మంగళవారం, బ్రిటన్‌లో సోమవారం. ఆ చార్టు స్ట్రీమింగ్‌ని లెక్కలో కలపడం మొదలుపెట్టింది 2014 డిసెంబరులో. 2018 నుంచి 2025 దాకా నడిచిన పద్ధతి ప్రకారం, డబ్బు కట్టి వినేవాళ్ళు ఒక ఆల్బంలోని పాటలు అన్నీ కలిపి 1,250 సార్లు వింటే ఒక ఆల్బం అమ్ముడైనట్టు. ప్రకటనలు భరిస్తూ ఊరికే వినేవాళ్ళయితే 3,750 సార్లు. ఈ అంకెలు మారుతుంటాయి కాబట్టి రాసే వారం చూసుకుని రాయి.

ఇప్పుడు ఆలోచించు. పది పాటల ఆల్బం మొదట్నుంచి చివరిదాకా వింటే పది పడుతుంది, పాతిక పాటలదైతే పాతిక. కొన్ని ఆల్బంలు చాంతాడంత ఎందుకుంటాయో నీకే అర్థమవుతుంది. పైగా పాట ముప్ఫై సెకన్లు దాటితేనే స్పాటిఫై దాన్ని ఒక వినికిడిగా లెక్కేస్తుంది. రెండు నిమిషాల పాటకీ ఒకటే, పన్నెండు నిమిషాల జాజ్‌కీ ఒకటే. అందుకని పల్లవి తోసుకుంటూ ముందుకొచ్చేస్తుంది, ముందు వాయించే ముక్క కుదించుకుపోతుంది. నీ పాప్ ఆల్బంలో పాటలన్నీ ఊపిరి తీసుకోకుండా మొదలవుతాయని నువ్వే ఒకచోట రాశావు. బాగా పట్టావు. ఎందుకలా మొదలవుతాయో ఇంకో వాక్యం రాసుంటే ఆ పేరా నిలబడేది.

ఒకటో ర్యాంకు సంగతి కూడా చెప్తాను. ముందే బుక్ చేసుకున్న సీడీలు, ఎల్పీలు విడుదల వారంలో ఇళ్ళకి చేరితే ఆ వారం ఖాతాలోనే పడతాయి. అందుకే మొదటివారం శిఖరం మీద ఉన్న ఆల్బం, రెండోవారానికి ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది. దాని అర్థం ఆల్బం చెడ్డదని కాదు, అభిమానులు ముందే సిద్ధంగా ఉన్నారని. అడుగున ఎక్కడో చేరి, వారం వారం నాలుగు మెట్లెక్కే ఆల్బం కనిపిస్తే దాన్ని వదలకు. ఒకరు విని ఇంకొకరికి చెప్తున్నారన్నమాట. నేనయితే అలాంటిదే ముందు వింటాను.

1991 సంగతి నీకు తెలుసో లేదో. అంతకుముందు అమెరికాలో చార్టు తయారీకి కొట్లవాళ్ళు ఫోన్లో చెప్పిన మాటే ఆధారం. ఏవి బాగా పోతున్నాయంటే, వాళ్ళకు తోచినవి చెప్పేవాళ్ళు. ఆ ఏడాది మే నుంచి బార్‌కోడ్ లెక్క వచ్చింది, సౌండ్‌స్కాన్ అని. వచ్చీరాగానే కంట్రీ, ర్యాప్, హెవీ మెటల్ పైకి లేచాయి. సెప్టెంబరులో గార్త్ బ్రూక్స్ ఆల్బం నేరుగా ఒకటో స్థానంలో దిగింది. కంట్రీ ఆల్బం ఏదీ అంతకుముందు అలా దిగింది లేదు. జనం రాత్రికి రాత్రి మారిపోలేదు కదా! వాళ్ళు ముందునుంచీ అవే కొంటున్నారు, లెక్కపెట్టే పద్ధతి మారింది. నీ వ్యాసంలో “మెటల్ మళ్ళీ పుంజుకుంటోంది” అన్న వాక్యం ఉంది. అలాంటిది రాసేముందు పుంజుకున్నది మెటలా, లెక్కా అని ఒకసారి చూడు.

లెక్కలోకి రాని వినికిడి గురించి నీకు నేను చెప్పాలా? గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న కొట్లలో పొద్దున షట్టరు ఎత్తగానే ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గొంతు మొదలవుతుంది. దేవస్థానం కోసం ఆవిడ పాడిన బాలాజీ పంచరత్నమాల ఐదు ఎల్పీలుగా వచ్చింది. క్యాసెట్టు, సీడీ, పెన్‌డ్రైవు, అన్నీ దాటుకుని ఇప్పటికీ మోగుతూనే ఉంది. పూజసామాను కొట్టు స్పీకర్లో అది ఎన్నిసార్లు తిరిగిందో ఏ చార్టుకీ తెలియదు. కరేబియన్ దీవుల్లో, ఆఫ్రికా బజార్లలో మోగే పాటల పరిస్థితీ ఇంతే. చార్టు బయట కూడా ఆల్బంలున్నాయని నీ పాఠకుడికి అప్పుడప్పుడు గుర్తుచెయ్యి.

ఇక అసలు విషయం, నీ బ్లూగ్రాస్ పేరా. “వాద్యాల సమ్మేళనం శ్రోతలను ఉర్రూతలూగిస్తుంది” అని రాశావు. ఈ వాక్యాన్ని తీసి మెటల్ పేరాలో పెట్టినా అతుకుతుంది, కంట్రీలో పెట్టినా అతుకుతుంది. అంటే అది ఏ ఆల్బం గురించీ కాదు. మళ్ళీ విను. సంప్రదాయ బ్లూగ్రాస్‌లో డ్రమ్స్ ఉండవు. అయినా తాళం ఎక్కడా జారదు, ఎందుకు? డబుల్ బాస్ ఒకటో దెబ్బ మీద, మూడో దెబ్బ మీద పడుతుంటే, రెండూ నాలుగూ మాండలిన్‌వి. మాండలిన్ వాయించేవాడు తీగలన్నీ ఒక్క దెబ్బకి మీటి, ఆ వెంటనే ఎడమచేతి వేళ్ళ ఒత్తిడి వదిలేస్తాడు. నాదం సాగకుండా ‘చక్’మని తెగిపోతుంది. వాళ్ళు దాన్ని చాప్ అంటారు. బ్లూగ్రాస్‌కి ఆద్యుడైన బిల్ మన్రో కాలం నుంచి ఆ సంగీతానికి అదే డ్రమ్ము. అదే మాండలిన్ తన వంతు రాగానే చాప్ ఆపి పాటని ఎత్తుకుంటుంది. అప్పుడు ఆ రెండు దెబ్బలూ ఎవరు అందుకుంటున్నారో విను. ఒక్కోసారి ఫిడేలు, ఒక్కోసారి బాంజో. ఆ చేతులు మారే చోటు రాయి. నిమిషం, సెకను కూడా రాయి, పాఠకుడు వెళ్ళి వింటాడు.

మాండలిన్ అంటే మనకు పాలకొల్లులో పుట్టిన యు.శ్రీనివాస్. ఆయన వాయించినది ఎలక్ట్రిక్ మాండలిన్, ఒంటి తీగలది. గమకం పలకాలంటే తీగ సాగాలి, నాదం నిలవాలి. బ్లూగ్రాస్‌వాళ్ళది ఎనిమిది తీగలు, జతలు జతలుగా, కరెంటు లేకుండా. చాప్‌కి నాదం చప్పున చావాలి. ఒకే వాద్యం దగ్గర ఇద్దరు రెండు ఎదురెదురు పనులు అడిగారు. తెలుగువాడు బ్లూగ్రాస్ గురించి రాస్తే ఇలాంటిది పట్టుకోవాలి. అమెరికాలో కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లో కూర్చుని రాసేవాడికి ఇది తట్టదు.

అలాగని ప్రతిదాన్నీ మన గుమ్మంలోకి లాక్కురావద్దు. కంట్రీ గాయకుడి పాటలో “అన్నమయ్య బాణీ ఛాయలు” ఉన్నాయన్నావు. ఏ బాణీ, నాయనా? తిరుమల గుడిలోని అరలో దొరికిన రాగిరేకుల మీద కీర్తనకి రాగం పేరుంది, స్వరాలు లేవు. ఇప్పుడు మనం పాడుకునే వరసలు చాలావరకు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్ళు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. తిరుపతి జిల్లా పాఠకుడు సంతోషిస్తాడని అన్నమయ్యని పిలుచుకొస్తే, తెలిసిన పాఠకుడు నవ్వుకుంటాడు. కొట్టెయ్.

కొట్టెయ్యాల్సినవి ఇంకా ఉన్నాయి: మంత్రముగ్ధం, వీనులవిందు, మరో లోకం, నెక్స్ట్ లెవెల్. ఇవి కంపెనీవాళ్ళు పంపే ప్రచారం కాగితంలో ఎలాగూ ఉంటాయి.

ఎలా వినాలి అని అడిగావు. అన్నీ పూర్తిగా వినడానికి టైం చాలట్లేదని టెన్షన్ పడుతున్నావు. వారానికి చార్టుల్లోకి వచ్చేవన్నీ ఎవరూ వినలేరు, రుచి చూడటం తప్పేమీ కాదు. కానీ మొదటి మూడు పాటలు విని మూసెయ్యకు, ఆకట్టుకునేవన్నీ అక్కడే సర్దిపెడతారు. మొదటిది విను, అన్నిటికన్నా పొడవైనది విను, చివరిదానికి ముందుది విను. ఆల్బం చేసినవాళ్ళు ఎవరికోసమూ కాకుండా తమకోసం పెట్టుకున్న పాట తరచు అక్కడే దొరుకుతుంది. ఐదింట్లో ఒకదాన్ని మాత్రం వరస మార్చకుండా మొత్తం విను. మనకి ఆల్బం అంటే సినిమా. పాటలు ఒక్కొక్కటిగా లిరికల్ వీడియోలై వస్తాయి, వరసతో పనిలేదు. బయట చాలామందికి వరసే సగం పని. చిత్తూరు నుంచి తిరుపతికి నీ బస్సు పూతలపట్టు మీదుగానే కదా వచ్చేది. నలభై నిమిషాల ఆల్బం చంద్రగిరి రాకముందే అయిపోతుంది. నాలుగు పాటలే విన్నప్పుడు నాలుగే విన్నానని రాసెయ్. పరువేం పోదు.

ఒక్క జాగ్రత్త. ర్యాప్ ఆల్బంలో “బేస్ పలచగా ఉంది” అన్నావు. ఫోన్ స్పీకర్లో విన్నావా? 1980లో వచ్చిన రోలాండ్ 808 డ్రమ్ మెషీను నుంచి పుట్టిన ఆ అడుగు మోతని ఫోన్ స్పీకరు పలికించలేదు. మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విను. అప్పటికీ పలచగా ఉంటే అప్పుడు తిట్టు.

స్పానిష్ రాదని అంత మొహమాటపడ్డావేంటి? 2018లో బీటీఎస్ కొరియన్ ఆల్బంతో, 2020 డిసెంబరులో బ్యాడ్ బన్నీ పూర్తి స్పానిష్ ఆల్బంతో బిల్‌బోర్డ్ 200లో ఒకటో స్థానం కొట్టారు. కొన్నవాళ్ళందరికీ ఆ భాషలు వచ్చా? మీ ఊళ్ళో టీకొట్టు దగ్గర తెలుగు, తమిళం, హిందీ పాటలు ఒకదాని వెనక ఒకటి మోగుతాయి, ఎవరూ లేచి వెళ్ళరు. అర్థం కోసం అనువాదం చదువు. కానీ గొంతు ఎక్కడ గట్టిపడింది, మాట తాళానికి ముందు పడుతోందా వెనక పడుతోందా అన్నది నీ చెవికి తెలుస్తుంది. ఎడుపు అంటే, పాట తాళంలో ఎక్కడ ఎత్తుకుంటుందో ఆ చోటు, ఏంటో తెలిసినవాడివి, నీకిది కొత్తేం కాదు.

ఏ ప్రక్రియనైనా దాని కొలతతోనే చూడాలి. మెటల్ గాయకుడికి శ్రావ్యత లేదనడం, కచేరీలో గిటార్ లేదనడం లాంటిదే. అలాగే జాజ్ చార్టులో ఒకటో స్థానానికి సరిపోయిన అమ్మకాలతో పెద్ద చార్టులో చోటే దొరక్కపోవచ్చు. రెండు ర్యాంకుల్ని పక్కపక్కన పెట్టి పోల్చకు.

జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌ల శక్తి బృందం 2023లో తెచ్చిన ఆల్బంకి మరుసటి ఏడాది గ్రామీ వచ్చింది కదా, అందులో సెల్వగణేశ్ కంజీర విను. ఉడుము చర్మం మీద నీళ్ళు చల్లి శ్రుతి దించే ఆ చిన్న వాద్యం అంత అడుగు స్వరం ఎలా పలుకుతుందో, కచేరీలో ముందువరసలో కూర్చున్నవాడికి తెలిసినంతగా అమెరికా సమీక్షకుడికి తెలియదు. అలాంటి ఆల్బం చార్టులోకి వచ్చిన వారం నీది, మిగతా నాలుగూ పక్కన పెట్టెయ్.

ఇప్పటికి నీ వ్యాసంలో బ్లూగ్రాస్, స్పానిష్ ర్యాప్ ఉంచు. మిగతా మూడూ తీసెయ్. కంట్రీ ఆల్బం ఎలాగూ నీకు నచ్చలేదు, మర్యాదకి పొగిడావు, అది తెలిసిపోతోంది. ర్యాంకులు ఒక వాక్యంలో చెప్పి వదిలెయ్. శుక్రవారం మళ్ళీ కొత్తవి దిగుతాయి, వాటి జోలికి పోకు. ఈ రెండింటినీ తిరగరాసి బుధవారంలోపు పంపు, గురువారం నేను మదనపల్లె వెళ్ళాలి.

ఆశీస్సులతో,
తిరుపతి నుంచి