గాలి రంధ్రాలకు జాలీ వేయాలా, మూత పెట్టాలా?

సొంతంగా కట్టుకుంటున్న రెండు సీట్ల విమానంలో, రెండు పక్కలా ఉన్న నాకా డక్టుల (క్యాబిన్‌లోకి బయటి గాలి తెచ్చే, విమానం ఒంట్లోకి దిగిన గాలి దారుల) నోటికి దోమల జాలీ అంటించేస్తే పురుగుల బెడద తీరుతుందా అని అడిగారు. తీరదు. నేను సరిగ్గా అదే పని చేశాను, ఏడాది తిరక్కుండానే దాన్ని తీసేశాను కూడా.

ముందు జాలీ ఎందుకు వేయాల్సి వచ్చిందో చెబుతాను. మూడు వారాలు హ్యాంగరులో కదలకుండా ఉన్న విమానాన్ని ఒక ఉదయం బయటికి తీశాను. పక్క సీట్లో మా బావమరిది. నేల మీద ఉన్నంతసేపూ గాలి రంధ్రాలు మూసే ఉన్నాయి. పైకి లేచి అయిదు వందల అడుగులకు చేరేసరికి ఉక్కగా ఉందని అతను తన వైపు రంధ్రం తిప్పి తెరిచాడు. బుస్సుమని మట్టి పొడి, దాని వెనకే పదీ పదిహేను సాలెపురుగులు అతని ఒళ్ళో పడ్డాయి. ఉలిక్కిపడి మోకాళ్ళు పైకెత్తాడు, మోకాలు కంట్రోల్ స్టిక్కుకు తగిలింది, విమానం ఒక్కసారి పక్కకు ఒరిగింది. ఆ క్షణంలో నేను చేసిన మంచి పని ఒక్కటే: అతని ఒడివైపు చూడకుండా ముందుకు చూడడం. ఒక చుట్టు తిరిగి వచ్చి దిగాం. గాలి గొట్టంలో మట్టి ఉన్నంత మాత్రాన విమానం కూలిపోదు. తక్కువ ఎత్తులో, తక్కువ వేగంలో పైలట్ చూపు పక్కకు మళ్ళితేనే కూలుతుంది. ఈ విషయాన్ని ముచ్చటగా కాక భద్రతగా చూడమనేది అందుకే.

ఆ సాయంత్రం గొట్టం విప్పి చూస్తే లోపల అయిదు మట్టి గూళ్ళు, వరసగా. మట్టి కందిరీగ పని అది. భ్రమరకీటక న్యాయం అని మనవాళ్ళు చెప్పేది ఈ జాతి పురుగును చూసే. గూట్లో పెట్టిన పురుగు కందిరీగనే తలచుకుని తలచుకుని తానూ కందిరీగ అయిపోతుందని నమ్మిక. అసలు జరిగేది అంత ఆధ్యాత్మికం కాదు. తల్లి కందిరీగ సాలెపురుగులను కుట్టి, చంపకుండా కదలలేని స్థితికి తెచ్చి గూట్లో నింపి, గుడ్డు పెట్టి, మట్టితో మూసేస్తుంది. పిల్ల వాటిని తిని పెరుగుతుంది. అది వెతికేది చీకటిగా, పొడిగా, వాన తగలకుండా, ఒక వైపు మూసుకుపోయి ఉన్న సందును. లోపలి కవాటం మూసి పెట్టిన మన గాలి గొట్టం అచ్చంగా అలాంటిదే! ‘నా రంధ్రం మూసే ఉంటుంది, ఇక పురుగెలా వస్తుంది’ అని చాలామంది అనుకుంటారు. పురుగు క్యాబిన్‌లోకి రాదు, నిజమే. కవాటానికి అవతల కాపురం పెడుతుంది, మీరు తెరిచిన రోజున సామానంతా మీ మొహాన పడుతుంది.

ఇక దోమల జాలీ సంగతి. మామూలు కిటికీ జాలీకి అంగుళానికి ఒక వైపు 18, ఇంకో వైపు 16 కళ్ళు ఉంటాయి, తీగ సుమారు 0.28 మి.మీ. లెక్క వేస్తే గాలికి మిగిలే ఖాళీ మొత్తం వైశాల్యంలో మూడింట రెండు వంతులే. అదీ జాలీ కొత్తగా ఉన్నప్పటి మాట. నాలుగు ప్రయాణాల తర్వాత చిన్న ఈగలు, గడ్డి గింజల నూగు, దుమ్ము కలిసి పేస్టులా అతుక్కుంటాయి. నాకా డక్టు విషయంలో ఇంకో చిక్కుంది. అమెరికాలో 1940లలో రూపొందిన ఈ డక్టు బయటికి పొడుచుకు రాదు; లోపలికి వాలుగా దిగే పల్లం, దాని పక్క అంచుల వంపే గాలిని లోపలికి లాగుతాయి. విమానం ఒంటికి సమంగా దాని నోటి మీద జాలీ పరిచేస్తే ఆ వాలుకు అర్థమే పోతుంది, గాలి జాలీ మీదుగా జారిపోతుంది. నా క్యాబిన్‌లో గాలి సగానికి సగం తగ్గినట్టు అనిపించింది. చల్లదనం పోతే సర్దుకోవచ్చు. కానీ ఎగ్జాస్టు ఎక్కడో చీలి కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వచ్చిన రోజున, లేదా వైరు కాలి పొగ వచ్చిన రోజున, మీకు కావలసింది ఈ గాలే. అందుకే ప్రవాహాన్ని తగ్గించే ఏ ఏర్పాటునూ నేను తేలిగ్గా ఒప్పుకోను.

జాలీ అసలు వద్దనడం లేదు. చోటు మార్చాలి, కన్ను పెంచాలి. నేనిప్పుడు వాడుతున్నది అంగుళానికి 8 కళ్ళున్న స్టెయిన్‌లెస్ జాలీ, తీగ 0.43 మి.మీ. కన్ను సుమారు 2.7 మి.మీ. వస్తుంది, నాలుగింట మూడు వంతులు ఖాళీయే. మట్టి కందిరీగ అందులోంచి దూరలేదు. చీమ దూరుతుంది, పిల్ల సాలీడు దూరుతుంది, దూరనివ్వండి. దాన్ని బల్లపరుపుగా కాక, కిళ్ళీ పొట్లంలా గరాటు ఆకారంలో చుట్టి, డక్టు లోపలి గొంతు దగ్గర, మొన గాలికి ఎదురుగా ఉండేలా పెట్టాను. 50 మి.మీ. గొట్టంలో 100 మి.మీ. పొడవు గరాటు పెడితే జాలీ వైశాల్యం గొట్టం అడ్డుకోతకు నాలుగు రెట్లు అవుతుంది. సగం పూడుకుపోయినా గాలికి లోటుండదు. బయటి నుంచి టార్చి వేస్తే కనబడాలి, రెండు స్క్రూలు విప్పితే చేతికి రావాలి. డాష్‌బోర్డు వెనక గొట్టం అతుకులో దాచిపెడితే మీరు దాన్ని మళ్ళీ చూడరు, నా మాట నమ్మండి. అంచులు మడిచి ఎపాక్సీ జిగురులో ముంచి వలయంగా పోత పోయండి. విడి తీగ ముక్క ఒక్కటి ఊడినా అది ఎగిరి వచ్చేది కంటికి నేరుగానే.

అయినా జాలీది రెండో స్థానమే. గాలిలో ఎగురుతుండగా లోపలికి వచ్చే పురుగులు తక్కువ. గూళ్ళన్నీ ఆగి ఉన్నప్పుడే పడతాయి. కాబట్టి అసలు మందు మూత. నీళ్ళు పీల్చని ‘క్లోజ్డ్ సెల్’ ఫోమ్ తెచ్చుకోండి. స్పాంజి లాంటిది నీళ్ళు పీల్చుకుని అల్యూమినియం పక్కనే తడిగా కూర్చుంటుంది. మూత ముందు భాగం నోటికన్నా వెడల్పుగా, అంచు ఉన్న బిరడాలా కోయండి. దీనికి కారణముంది. 100 నాట్ల (గంటకు సుమారు 185 కి.మీ.) వేగంలో ఎదురుగాలి పీడనం సుమారు 1600 పాస్కల్‌లు. గాలికి నేరుగా ఉన్న 50 మి.మీ. బిరడా మీద అది మూడు వందల గ్రాముల బరువు పెట్టినట్టు. అంచు లేని మెత్తటి బిరడా మరచిపోయి ఎగిరితే గొట్టం లోపలికి జారిపోగలదు. మరచిపోకుండా రెండు వైపుల బిరడాలనూ ఎర్ర పట్టీతో కలిపి, ఆ పట్టీని ప్రొపెల్లర్ బ్లేడుకు అడ్డంగా వేయండి. కంటికి కొట్టొచ్చినట్టు కనబడాలి. 3డీ ప్రింటరులో చేసుకుంటానంటే పీఎల్‌ఏ ప్లాస్టిక్ వద్దు, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఏఎస్‌ఏ అనే ప్లాస్టిక్ నయం.

గొట్టంలో పురుగుల మందు చల్లమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆ గొట్టంలోంచి వచ్చేది మీరు పీల్చే గాలి. పైగా కొన్ని మందుల్లోని ద్రావకాలు తగిలితే యాక్రిలిక్ కెనోపీలో (సీట్ల మీది పారదర్శకమైన కప్పులో) సన్నటి పగుళ్ళు వస్తాయి.

మీరు అడగలేదు గానీ, జాలీ చేతిలో ఉంది కదా అని మిగతా రంధ్రాలకూ ఒకే మంత్రం వేయకండి. వేగం కొలవడానికి ఎదురుగాలిని పట్టే పిటో ట్యూబుకు, బయటి గాలి పీడనాన్ని మీటర్లకు అందించే స్టాటిక్ రంధ్రాలకు జాలీ వేయకూడదు, మూతలే. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లో బిర్గెన్‌ఎయిర్ బోయింగ్ 757 సముద్రంలో పడి 189 మంది చనిపోయారు. కెప్టెన్ వైపు పిటో ట్యూబు పూడుకుపోయి వేగం తప్పుగా చూపింది, అనుమానం మట్టి కందిరీగ గూటి మీదే. ఆ విమానం దాదాపు మూడు వారాల పాటు ఎగరకుండా నేల మీద ఉంది, ఎగరడానికి ముందు రోజుల్లో పిటో మూతలు లేవు. ఇంధన ట్యాంకు వెంటుకు (ఇంధనం ఖర్చయ్యే కొద్దీ ట్యాంకులోకి గాలి వచ్చే గొట్టానికి) జాలీ వేయవచ్చు, కానీ దానికి మంచు కట్టినా సాలెగూడు అల్లుకున్నా గాలి ఆగిపోయి ఇంజినుకు ఇంధనం అందదు. అందుకని గాలికి తగలని చోట, వెనక వైపున, ఇంకో చిన్న రంధ్రం ఉండాలి. సాలీడేం చేస్తుందిలే అనుకోకండి. 2011లో మాజ్డా కంపెనీ అమెరికాలో వేల కార్లను వెనక్కి పిలిపించింది ఇంధన వెంటు గొట్టంలో సాలెగూళ్ళ వల్లనే.

గూడు కనబడితే స్క్రూడ్రైవరుతో గీకకండి. గోరువెచ్చటి నీళ్ళతో తడిపి నానబెడితే చేతికి వచ్చేస్తుంది. మట్టి తీశాక దాని కింది లోహాన్ని చూడండి, చెమ్మ పట్టి ఉంచడం వల్ల అక్కడ తెల్లటి తుప్పు మొదలై ఉండవచ్చు. గొట్టాన్ని రెండు చివరలా విప్పి, క్యాబిన్ వైపు నుంచి బయటికి గాలి కొట్టండి. పిటో గొట్టానికి మాత్రం మీటర్లు తగిలించి ఉండగా ఎప్పుడూ గాలి కొట్టకూడదు, అవి పాడవుతాయి.

నేనిప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేసే ముందే రెండు రంధ్రాలూ పూర్తిగా తెరిచి పెడతాను. టేకాఫ్‌కు ముందు ఇంజిన్ వేగం పెంచి చూసుకునేటప్పుడు ప్రొపెల్లర్ గాలికి ఏది రావాలన్నా నేల మీదే వచ్చేస్తుంది. మా బావమరిది ఆ నిమిషంపాటు రంధ్రానికి తువ్వాలు అడ్డం పెట్టి కూర్చుంటాడు. రెండేళ్ళుగా అందులో ఏమీ పడలేదు, అయినా తువ్వాలు మానలేదు.