నీరు పల్లమెరుగు, అమ్మడూ

చి. అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

గాలిలో తేమ లాగే మీ డీహ్యుమిడిఫైయర్ మిషన్ పైపులోంచి నీళ్లు పోవట్లేదంటూ నువ్వు పంపిన ఫోటో రాత్రి చూశాను. నేను ఎడిసన్‌లో ఉండి ఉంటే ఈపాటికి టార్చిలైటు పట్టుకుని మీ బేస్‌మెంట్ మెట్లు దిగేవాణ్ని. సెప్టెంబరు దాకా తెనాలిలోనే ఉంటాను కాబట్టి రాసి చెప్పడమే మార్గం. వచ్చే నెల మీరు ఇంటికి తాళం వేసి మూడు వారాలు ఇక్కడికి వస్తున్నారు కదా, ఈ పని అంతకుముందే తేలాలి. పైపు పని చెయ్యకపోతే బకెట్ ఒక్కరోజులోనే నిండుతుంది, డీహ్యుమిడిఫైయర్ దానంతట అదే ఆగిపోతుంది. ఆగస్టు ఉక్కలో న్యూజెర్సీ బేస్‌మెంట్‌ని అలా వదిలేస్తే ఏమవుతుందో నేను చూశాను తల్లీ. ఇల్లు కొన్న రెండో ఏడు మేమూ అలాగే ఇండియా వచ్చాం. తిరిగి వెళ్లేసరికి గోడకు ఆనించిన సోనామసూరి బస్తా అడుగున గడ్డ కట్టింది. అట్టపెట్టెలో ఉన్న మీ పెద్దమ్మ పెళ్లి చీర జరీ అంచు మీద బూడిదరంగు బూజు. ఆవిడ దాన్ని నీడన పరిచి, మెత్తటి గుడ్డతో అంగుళం అంగుళం తుడుస్తూ కూర్చున్న సాయంత్రం నేను మర్చిపోలేదు.

బకెట్ నిండుతోంది, పైపులోంచి మాత్రం చుక్క రావట్లేదు అన్నావు. ఇది మంచి కబురు. గాలిలో తేమను లాగే పని మిషన్ చక్కగా చేస్తోందన్న మాట. బకెట్ కూడా ఎండిపోయి ఉంటే ఫిల్టర్‌లో దుమ్మో, కాయిల్ మీద ఐసో అనుకోవాలి. నీ విషయంలో తప్పంతా నీళ్ల దారిలోనే ఉంది. అల్లుడుగారు కొత్తది ఆర్డర్ పెడతానంటున్నారట, నాలుగు రోజులు ఆగమను.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తే మిగతాది నీకే అర్థమవుతుంది. చల్లటి కాయిల్ మీద గాలి తగిలి, మంచినీళ్ల గ్లాసుకు చెమట పట్టినట్టు నీళ్లు పడతాయి. అవి కింద ఉన్న చిన్న తొట్టిలోకి కారతాయి. చాలా మోడళ్లలో ఆ తొట్టికి రెండు దారులుంటాయి. ఒకటి ముందు బకెట్‌లోకి, ఇంకొకటి వెనక పైపు బిగించే రంధ్రంలోకి. వెనక దారి కాస్త పల్లంలో ఉంటుంది కనుక అది తెరిచి ఉంటే నీళ్లు అటే పోతాయి. అది మూసుకుపోతే ముందు గడప దాటి బకెట్‌లో పడతాయి. నీకు జరుగుతున్నది అదే. ఇందులో నీళ్లను తోసే శక్తి ఏదీ లేదు. నీరు పల్లమెరుగు అన్న సామెత ఒక్కటే ఆధారం.

ఇప్పుడు నీ ఫోటో సంగతి. పైపు మిషన్ వెనక నుంచి దిగి, నేల మీద రెండు చుట్లు తిరిగి, పుస్తకాల డబ్బా ఎక్కి, వాషింగ్ మెషీన్ పక్కన ఉన్న సింకు అంచు మీదికి పోయింది. ఆ అంచు మిషన్ రంధ్రం కంటే రెండడుగులైనా ఎత్తులో ఉంది. నీళ్లు అంత ఎత్తు ఎక్కవు అమ్మా. సింకులోకే పోవాలంటే పంపు ఉన్న మోడల్ కావాలి, లేదా ఈ నీళ్లను పైకి తోసే చిన్న కండెన్సేట్ పంపు విడిగా కొనాలి. మీకు మూలన సంప్ పిట్, అదే నేల అడుగు నీళ్లు చేరే గుంట, ఉంది కదా, దాంట్లోకి వదిలితే ఏ పంపూ అక్కర్లేదు. మిషన్‌ని రెండు సిమెంటు దిమ్మెల మీద పెట్టి పిట్ దగ్గరికి జరుపు. ఒక దిమ్మె ఎనిమిది అంగుళాల ఎత్తు ఉంటుంది, ఆ మాత్రం వాలు చాలు. ఇద్దరూ కలిసి నిలువుగానే ఎత్తండి, పడుకోబెట్టొద్దు. పొరపాటున పడుకోబెడితే నిలబెట్టాక ఒక రోజు ఆగి ఆన్ చెయ్యండి. కంప్రెసర్‌లోని ఆయిల్ మళ్లీ తన చోటికి దిగాలి.

నేలలోంచి వచ్చే రేడాన్ అనే హానికర వాయువు లోపలికి రాకుండా పిట్ మూతను సీల్ చేసి ఉంటే మాత్రం దాన్ని పీకి తెరిచి ఉంచొద్దు. న్యూజెర్సీలో మన వైపు ఇళ్లలో ఆ ఏర్పాటు మామూలే. పైపు దూర్చడానికి సరిపడా రంధ్రం చేయించి, చుట్టూ గాలి పోకుండా మూయించు.

పైపు ఆరడుగులకు మించకుండా కత్తిరించు. తోటకు వాడే పాత పైపు చుట్టలు చుట్టుకుని మొండికేస్తుంది, ఒక పూట ఎండలో చాపి ఉంచితే మెత్తబడుతుంది. మిషన్ నుంచి పిట్ దాకా ఎక్కడా లేవకూడదు, ఎక్కడా గుంట పడకూడదు. గుంటలో నీళ్లు నిలిస్తే వెనక ఉన్న గాలికి దారి ఉండదు, నీటి చుక్కలకు దాన్ని నెట్టే బలం లేదు. అందుకే పైపు కొసను కూడా పిట్‌లోని నీళ్లలో ముంచకుండా పైన వేలాడనివ్వు. కన్ను మోసం చేస్తుంది, అల్లుడుగారి దగ్గర రసమట్టం ఉంటే పెట్టి చూడమను.

ఇక రంధ్రం. ముందు కరెంటు ప్లగ్ పీకెయ్యి, ఇది మర్చిపోవద్దు. పైపు విప్పి ఫోన్ లైటు వేసి లోపలికి చూడు. కొత్త మిషన్ల రంధ్రంలో రబ్బరు బిరడా ఉంటుంది, కొన్నింటికి పల్చటి ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. పైన మూత తీశాం కదా అని లోపలిది ఉండిపోతుంది. నేనూ అలాగే రెండు రోజులు తంటాలు పడ్డాను. బిరడా లేకపోతే గోధుమరంగు జిగురు పాచి కనబడుతుంది, చూడ్డానికి చింతపండు గుజ్జులా ఉంటుంది. స్ట్రాలు కడిగే సన్న బ్రష్‌ని గోరువెచ్చటి నీళ్లూ తెల్ల వెనిగరూ కలిపిన దాంట్లో ముంచి, మెల్లగా తిప్పుతూ లాగు. పుల్లలతో, ఇనుప తీగతో పొడవొద్దు, ప్లాస్టిక్ పగులుతుంది. వెనిగర్‌లో బ్లీచ్ ఎప్పుడూ కలపకు, విషవాయువు పుడుతుంది.

పైపునూ విడిగా పరీక్షించు. ఒక కొస పైకి పట్టుకుని గ్లాసుడు నీళ్లు పొయ్యి, రెండో కొస కింద గిన్నె పెట్టు. గ్లాసుడూ గడగడా వచ్చెయ్యాలి. బొట్లుబొట్లుగా వస్తే పైపులోనూ పాచి ఉన్నట్టే. మళ్లీ బిగించేటప్పుడు లోపల రబ్బరు వాషర్ ఉందో లేదో చూడు, అది లేకపోతే నీళ్లు వెనకే కారి నేల మీద మడుగు కడతాయి. మర అడ్డంగా ఎక్కకుండా ముందు చేత్తో ఎడమకు పావు చుట్టు తిప్పి, తర్వాత కుడికి బిగించు. కటింగ్ ప్లేయర్ వద్దు.

నిలబెట్టేటప్పుడు మిషన్ ముందుకు వాలకుండా చూసుకో. ముందుకు వాలితే నీళ్లు బకెట్ వైపే పోతాయి. ముందు చక్రాల కింద పావు అంగుళం చెక్క పెట్టి కాస్త వెనక్కి వాలిస్తే చాలు. బకెట్ మాత్రం లోపల ఉండాల్సిందే, లేకపోతే చాలా మోడళ్లు స్టార్ట్ అవవు. తేమ సెట్టింగ్ 50 శాతం మీద పెట్టు. ఎక్స్‌టెన్షన్ కార్డు వాడొద్దు, గోడ ప్లగ్‌కే పెట్టు. వెనక స్టిక్కర్ మీదున్న మోడల్ నంబరును అమెరికా వినియోగదారుల ఉత్పత్తి భద్రతా కమిషన్ వెబ్‌సైట్‌లో కూడా ఒకసారి వెతుకు. వేడెక్కి మంటలు పుట్టే ప్రమాదం ఉందని ఎన్నో డీహ్యుమిడిఫైయర్లను కంపెనీలు వెనక్కి పిలిపించాయి. మూడు వారాలు ఎవరూ లేని ఇంట్లో నడవబోయే యంత్రం కదా.

అంతా అయ్యాక బకెట్‌ను పొడిగుడ్డతో తుడిచి లోపల పెట్టి, ఒక రాత్రి నడవనివ్వు. పొద్దున బకెట్ అడుగున వేలు పెట్టి చూడు. పొడిగా ఉండి, పిట్‌లో చుక్కల చప్పుడు వినబడితే పని అయినట్టే. తడి కనబడితే ముందు వాలు సరిచూసి, అప్పుడు నాకు ఫోన్ చెయ్యి. నీకు పొద్దున ఎనిమిది అయ్యేసరికి ఇక్కడ సాయంత్రం ఐదున్నర, నేను అరుగు మీదే కూర్చుని ఉంటాను. బియ్యం బస్తాలు మాత్రం ఇవాళే గోడకు దూరంగా, చెక్కల మీదికి ఎక్కించు.

ప్రేమతో,
పెదనాన్న